ఆర్డునో తగిలిస్తే ఫోన్‌కు చార్జింగ్ ఎక్కట్లేదా?

బోర్డు పనిచేస్తోంది, బ్యాటరీ మాత్రం దిగిపోతోంది

ఆర్డునో (ప్రోగ్రామ్ చేసుకునే చిన్న సర్క్యూట్ బోర్డు) ఫోన్‌కు ఓటీజీతో, అంటే యూఎస్‌బీ పరికరాలను నేరుగా ఫోన్‌కే తగిలించే పద్ధతిలో, కలిస్తే ఫోన్ హోస్ట్ (నడిపించే వైపు) అవుతుంది, బోర్డుకు 5 వోల్టులు తనే ఇస్తుంది. టైప్-సీ ఓటీజీ అడాప్టర్ లోపల సీసీ పిన్ (కరెంటు ఎవరివ్వాలో తేల్చే పిన్) నుంచి గ్రౌండ్‌కు (మైనస్ తీగకు) 5.1 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. దాన్ని చూడగానే ఫోన్ కరెంటు ఇవ్వడం మొదలుపెడుతుంది. హోస్ట్‌గా ఉంటూనే చార్జ్ కావాలంటే రెండువైపులా పవర్ డెలివరీ (పీడీ: కరెంటు ఎటు వెళ్లాలో పరికరాలు మాట్లాడుకునే యూఎస్‌బీ పద్ధతి) ఉండాలి. అందుకే "పీడీ" అని రాసి ఉన్న ఇన్‌పుట్ గల టైప్-సీ హబ్ (ఒక పోర్టును చాలా పోర్టులుగా చేసే డబ్బా) తీసుకోండి. హెచ్‌డీఎంఐ లాంటివి అక్కర్లేదు. ఫోన్ కూడా పీడీని సపోర్ట్ చేయాలి.

కేబుల్ కోసి ఎర్ర వైరుకు చార్జర్ 5 వోల్టులు కలిపే పని మాత్రం వద్దు. ఫోన్ ఇచ్చే 5 వోల్టులూ చార్జర్‌వీ ఒకే తీగ మీద తలపడతాయి, ఫోన్ పోర్టు పోవచ్చు.

హబ్ కొన్నా చార్జ్ ఎక్కట్లేదు

ముందు చార్జర్ కేబుల్ చూడండి. చార్జర్ వైపు వెడల్పాటి పాత ఏ-ప్లగ్ ఉంటే అక్కడ సీసీ పిన్నే లేదు, పీడీ మాటలు నడవవు. రెండువైపులా టైప్-సీ ఉన్న కేబులూ పీడీ చార్జరూ వాడండి.

చార్జర్ పెట్టగానే బోర్డు డేటా చూసే యాప్‌లో కనెక్షన్ తెగిపోతోంది

కరెంటు దారి మారేటప్పుడు హబ్ ఒక్క క్షణం రీసెట్ అవుతుంది, దాంతో బోర్డూ రీస్టార్ట్ అవుతుంది. వరస మార్చండి: ముందు హబ్‌కు చార్జర్, తర్వాత ఫోన్, ఆపైన ఆర్డునో, చివర్లో యాప్. ఊనో, నానో రకం ఆర్డునోల్లో యాప్ పోర్టు తెరిచినా బోర్డు రీసెట్ అవుతుంది కాబట్టి మొదటి రెండు సెకన్ల డేటాను లెక్కలోకి తీసుకోకండి.

కాసేపటికి బోర్డు కనబడకుండా పోతోంది

ఒప్పో, వివో, రియల్‌మీ ఫోన్లు చాలావాటిలో ఓటీజీ స్విచ్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. వాడకం లేకపోతే 10 నిమిషాలకు దానంతటదే ఆఫ్ అవుతుంది, మళ్లీ ఆన్ చేయాలి. సర్వో మోటారు తిరిగినప్పుడే పోతుంటే మాత్రం కరెంటు చాలట్లేదన్నమాట. మోటారుకు విడిగా 5 వోల్టుల సప్లై ఇచ్చి, గ్రౌండ్‌లు కలపండి.

మైక్రో యూఎస్‌బీ ఫోన్, లేదా హబ్‌తో ఎంతకీ కుదరట్లేదు

ఇక వైరుతో కుస్తీ పట్టకండి, ఆండ్రాయిడ్‌కు హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూల్ చాలు. ఫోన్ తన చార్జర్ మీదే ఉంటుంది. మాడ్యూల్ టీఎక్స్‌ను (డేటా పంపే పిన్) ఊనో 10వ పిన్‌కు నేరుగా కలపండి. 11వ పిన్ నుంచి ఆర్‌ఎక్స్‌కు (డేటా అందుకునే పిన్) 1 కిలోఓమ్, ఆర్‌ఎక్స్ నుంచి గ్రౌండ్‌కు 2 కిలోఓమ్ పెడితే 5 వోల్టులు 3.3కి దిగుతాయి. ఈ రెండు రెసిస్టర్లు లేకపోతే మాడ్యూల్ పాడవొచ్చు. సాఫ్ట్‌వేర్‌సీరియల్ (ఈ పిన్లతో డేటా నడిపే ఆర్డునో లైబ్రరీ) వేగం సాధారణంగా 9600, పెయిరింగ్ కోడ్ సాధారణంగా 1234. ఐఫోన్ దీంతో కలవదు. దానికి బ్లూటూత్ లో ఎనర్జీ ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు తీసుకోండి.