పేపర్ వచ్చింది, ఓర్కిడ్‌లో మాత్రం కనిపించట్లేదా?

సమస్య: మీ పరిశోధన పేపర్ అచ్చయి నెల దాటింది, డీఓఐ (పేపర్‌కో డేటాకో ఇచ్చే శాశ్వత గుర్తింపు) ఉంది, మీ ఓర్కిడ్ (పరిశోధకులకిచ్చే ఐడీ) పేజీలో దాని ఊసే లేదు.

ముందు ఓర్కిడ్ ఇన్‌బాక్స్ తెరవండి. మీ ఐడీ ఉన్న పేపర్ మొదటిసారి రాగానే క్రాస్‌రెఫ్ (పబ్లిషర్ల పేపర్లకు డీఓఐలు నమోదు చేసే సంస్థ) అక్కడ మీ అనుమతి అడుగుతుంది. ఆ మెసేజ్ చూడకుండా వదిలేస్తే పేపర్ చేరదు. ఒక్కసారి సరేనంటే తర్వాతివి వాటంతటవే చేరతాయి.

మెసేజే రాలేదంటే, పబ్లిషర్ క్రాస్‌రెఫ్‌కు పంపిన మెటాడేటాలో (పేపర్ పేరు, రచయితలు వంటి వివరాల్లో) మీ ఐడీ లేకపోయి ఉండొచ్చు. సహ రచయితలకు ఈ ఇబ్బంది ఎక్కువ. చాలాసార్లు పేపర్ పంపినవారొక్కరే ఓర్కిడ్‌తో లాగిన్ అవుతారు, మిగతావాళ్ల పేర్లు మాత్రమే వెళ్తాయి. పీడీఎఫ్‌లో ఐడీ అచ్చయి ఉన్నా లాభం లేదు, మెటాడేటాలో ఉండాలి. అనుమానముంటే బ్రౌజర్‌లో api.crossref.org/works/ అని కొట్టి, పక్కనే మీ డీఓఐ పెట్టండి. రచయితల వివరాల్లో మీ పేరు దగ్గర ఓర్కిడ్ (ORCID) అనే పదం లేకపోతే తప్పు దొరికినట్టే.

పరిష్కారం: ప్రొఫైల్‌లో 'యాడ్ డీఓఐ' నొక్కి మీరే చేర్చుకోవచ్చు. కానీ దానివల్ల క్రాస్‌రెఫ్ రికార్డు మారదు. మొహమాటపడకుండా పబ్లిషర్‌కు మెయిల్ పెట్టి, మీ ఐడీతో మెటాడేటా మళ్లీ పంపమనండి. మన పేర్లకు ఇది మరీ అవసరం. ఇంటిపేరు ఒక జర్నల్‌లో ముందు, ఇంకోదాంట్లో చివర, మరోచోట ఒట్టి ఇనిషియల్. 'కె. శ్రీనివాసరావు'లు ఎంతమందో! ఎవరు ఎవరో తేల్చేది ఆ 16 స్థానాల ఐడీయే. చివర ఎక్స్ ఉంటే అదీ ఐడీలో భాగమే, వదిలేయకండి.

సమస్య: జెనోడోలో (పరిశోధన డేటా దాచుకునే సైట్) డేటా పెట్టారు, పేపర్‌కీ దానికీ లింకు లేదు.

డేటా లింకును పేపర్ మధ్యలో ఎక్కడో రాసి ఊరుకోవడమే చాలాసార్లు కారణం. డేటాసెట్ డీఓఐని రిఫరెన్సుల జాబితాలో పెట్టండి. జెనోడో రికార్డులో 'రిలేటెడ్ వర్క్స్' కింద పేపర్ డీఓఐ ఇచ్చి, సంబంధం 'ఈజ్ సప్లిమెంట్ టు' అని ఎంచుకోండి. పబ్లిష్ చేశాక కూడా ఈ వివరాలు మార్చొచ్చు, డీఓఐ మారదు. ఫైళ్లు మారిస్తే మాత్రం సాధారణంగా కొత్త వెర్షన్, కొత్త డీఓఐ. పేపర్‌లో మీరు వాడిన వెర్షన్ డీఓఐనే ఇవ్వండి. అన్ని వెర్షన్లకూ కలిపి ఉండే డీఓఐ ఇస్తే పాఠకుడు ఎప్పుడూ తాజా ఫైళ్ల దగ్గరికే వెళ్తాడు.

సమస్య: డీఓఐ నొక్కితే 'నాట్ ఫౌండ్'.

కాపీ చేసినప్పుడు వాక్యం చివరి చుక్క అంటుకొచ్చిందేమో చూడండి. అది కాకపోతే పబ్లిషర్ ఇంకా రిజిస్టర్ చేయలేదేమో, వాళ్లనే అడగాలి.

సమస్య: యూనివర్సిటీ పేపర్ల లెక్కలో మీ పేపర్ రాలేదు.

ఒకరు 'ఓయూ' అని, ఇంకొకరు 'ఉస్మానియా యూనివర్సిటీ' అని రాస్తే మెషీన్‌కు రెండూ వేరు. సబ్మిషన్ ఫారంలో సంస్థ పేరు టైప్ చేసి వదిలేయకుండా, కింద వచ్చే జాబితాలోంచి ఎంచుకోండి. ఆ ఫారం రోర్ (పరిశోధన సంస్థలకు ఐడీలిచ్చే జాబితా) వాడుతుంటే సంస్థ ఐడీ పేరుతోపాటే వెళ్తుంది. డిపార్ట్‌మెంట్లకు సాధారణంగా విడిగా రోర్ ఐడీ ఉండదు, యూనివర్సిటీదే ఇవ్వాలి.