వీఆర్ సిమ్యులేషన్‌లో చేతి సైగలు పనిచేయనప్పుడు: సమస్య - పరిష్కారం

కావలిలో మా ముందు గదిలో ఇంటర్ పిల్లలకు క్వెస్ట్ 2 అనే హెడ్‌సెట్‌తో (కళ్లకు తొడుక్కొని వీఆర్, అంటే వర్చువల్ రియాలిటీ దృశ్యాలు చూసే పరికరం) లోలకం ప్రయోగం చూపిస్తుంటాను. కంట్రోలర్ (చేతిలో పట్టుకునే మీటల పరికరం) లేకుండా బొటనవేలు, చూపుడువేలు కలిపి లోలకం గుండును పట్టుకొని, పక్కకు లాగి వదలాలి. క్వెస్ట్ హెడ్‌సెట్లలోకి 2019 డిసెంబరులో వచ్చిన ఈ హ్యాండ్ ట్రాకింగ్ (చేతి కదలికలను గుర్తించే) సదుపాయంలో చేతికి ఏ పరికరమూ తగిలించరు. ముందు మూలల్లోని నాలుగు కెమెరాలు చూసిన దాన్నిబట్టే సాఫ్ట్‌వేర్ వేళ్ల కీళ్లను అంచనా వేస్తుంది. కనుక తప్పు వెతకడం కెమెరా చూపుతోనే మొదలుపెట్టాలి.

సమస్య: చేతులు అసలు కనిపించవు.
సెట్టింగ్స్‌లో హ్యాండ్ ట్రాకింగ్ ఆన్‌లో ఉందో లేదో చూసి, కంట్రోలర్లను పక్కన పెట్టండి. ఆ సిమ్యులేషన్ కంట్రోలర్లకే తయారైనదైతే ఇక చేయగలిగింది లేదు.

సమస్య: పగలు బాగున్న చేయి సాయంత్రం వణుకుతుంది.
వెలుతురు చాలకపోవడం ఒక కారణమైతే, మన కరెంటు 50 హెర్ట్జ్ కావడం వల్ల ట్యూబ్‌లైట్ కంటికి తెలియకుండా మినుకుమినుకుమనడం మరొకటి. సెట్టింగ్స్‌లో ట్రాకింగ్ ఫ్రీక్వెన్సీని 50 హెర్ట్జ్‌కు మార్చండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఒక్క చిన్న బల్బే వెలుగుతుంటే ప్రయోగాన్ని ఆపడమే మేలు. అలాగని కిటికీ ఎండలోకి జరగకూడదు. నేరుగా పడే ఎండకు కెమెరాలు తికమకపడతాయి. హెడ్‌సెట్ తీసి ఎండలో పెడితే లోపలి కటకాల గుండా తెర కాలిపోతుంది. కెమెరాల మీద కొబ్బరినూనె వేలిముద్రలుంటే పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి.

సమస్య: పట్టుకున్న గుండు మధ్యలో జారిపోతుంది.
నేను ఎక్కువగా చూసేది ఇదే. మొన్న ఒకమ్మాయి గుండును నడుము దాకా లాగింది, చూపు మాత్రం పైనున్న కొక్కెం మీదే ఉంది. చేయి కెమెరాల పరిధి దాటగానే గుండు జారిపోయింది. "నేను వదల్లేదు సార్!" అంది, అదీ నిజమే. చేయి ఎటు పోతే తల అటు తిప్పాలి. రెండో కారణం, మణికట్టు తిరిగి కలిపిన వేళ్లు అరచేతి వెనక దాగిపోవడం. ఆ రెండు వేళ్లూ కళ్లకు కనిపించేలా చేతిని కొంచెం వంచి, మిగిలిన మూడింటినీ వదులుగా విప్పి ఉంచాలి. రెండు చేతులూ ఒకదాని మీదికొకటి రాకూడదు.

సమస్య: అడగకుండానే మెనూ తెరుచుకుంటుంది.
అరచేయి ముఖం వైపు తిప్పి వేళ్లు కలపడం హెడ్‌సెట్ సొంత సైగ. అరచేతిని అవతలికి తిప్పి పట్టుకోమనండి.

ఇవన్నీ చూశాక కూడా పట్టు తప్పుతుంటే, సిమ్యులేషన్ మూసి హోమ్ తెరలో అదే చేతిని కదిలించి చూడండి. అక్కడ నిలకడగా ఉంటే లోపం ఆ సిమ్యులేషన్‌లోనిది. అక్కడా వణికితే హెడ్‌సెట్‌ను ఒకసారి రీస్టార్ట్ చేసి, మళ్లీ వెలుతురు దగ్గర మొదలుపెట్టండి.