కొబ్బరిచెట్టుపై జీను కట్టుకొని పనిచేసే పద్ధతి

విదేశాల్లో వేటగాళ్లు చెట్టుమీద గంటల తరబడి కాచుకొని కూర్చోవడానికి నడుమునూ తొడలనూ కలిపి పట్టే పట్టీల జీనును వాడతారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కనుక ఆ పని మనకు వద్దు. అయితే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి, సోంపేట, మందస కొబ్బరితోటల్లో కాయ దించడానికీ, మొవ్వు శుభ్రం చేయడానికీ చెట్టెక్కేవారికి ఆ జీను ఎంతో అక్కరకు వస్తుంది.

ముందుగా చెట్టును చూడాలి. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానుకు ఒరిగి, నేటికీ కాపు కాస్తున్న చెట్లు ఉన్నాయి. కత్తి పిడితో కాండాన్ని తట్టినప్పుడు డొల్ల శబ్దం వచ్చినా, ఎర్రముక్కు పురుగు తొలిచిన రంధ్రాల నుంచి గోధుమరంగు జిగురు కారుతున్నా ఆ చెట్టు ఎక్కకూడదు. వాన వెలిసిన వెంటనే కూడా ఎక్కకూడదు. పాచి పట్టిన కాండం మీద ఎంత అలవాటున్న కాలైనా జారుతుంది. దగ్గరలో కరెంటు తీగ ఉంటే సరఫరా ఆపించేవరకు ఆగాలి.

చాలామంది పైకి చేరాకే తాడు కట్టుకుంటారు. నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా పెద్ద పొరపాటు, ఎందుకంటే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పట్టు తప్పితే ఆపేది ఏదీ ఉండదు. కాలు నేల విడవకముందే కాండం చుట్టూ తాడు వేసి, దాన్ని జీనుకు తగిలించి, అడుగడుగునా పైకి జరుపుకుంటూ వెళ్లాలి. పైన మట్టలు అడ్డువచ్చినప్పుడు రెండో తాడు వేసి బిగించాకే మొదటిది విప్పాలి. మట్టకు మాత్రం ఎన్నడూ తాడు కట్టకూడదు. పండిన మట్ట మనిషి బరువుకు ఊడిపోతుంది. తాడు ఎప్పుడూ నడుముకు పైనే ఉండాలి, వదులు ఉండకూడదు. వదులు పెరిగినకొద్దీ జారినప్పుడు తగిలే దెబ్బ కూడా పెరుగుతుంది.

సౌకర్యం సంగతికి వస్తే, కూర్చునే పట్టీ పిరుదుల కింద వెడల్పుగా పరుచుకోవాలి. నడుము పక్కలు నొక్కుకుపోతుంటే జీను రెండు పక్కలనూ ముందువైపు కలిపే తాడును కొంచెం పొడవు చేస్తే ఆ ఒత్తిడి తగ్గుతుంది. మోకాళ్లకు గోనెగుడ్డ చుట్టుకుంటే కాండం గీరుకోదు. బరువంతా జీనుమీదే వేయకుండా పాదాలు ఆనడానికి తాడు ఉచ్చు ఒకటి ఉంచుకొని, అప్పుడప్పుడు దానిమీద నిలబడాలి. ఇదంతా మొదట నేలకు రెండడుగుల ఎత్తున వేలాడి సరిచూసుకోవాలి. పైకి వెళ్లాక పట్టీలు సర్దుకోవడం కుదరదు.

ఒంటరిగా ఎక్కకూడదు. కింద ఒకరు కాయలు పడే చోటుకు దూరంగా ఉండి కనిపెట్టుకోవాలి. ఎవరైనా స్పృహ తప్పి జీనులో కదలకుండా వేలాడుతుంటే కాళ్లలో రక్తం నిలిచిపోయి కొద్ది నిమిషాల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. అందువల్ల దించే తాడు, దించడం తెలిసిన మనిషి చెట్టు మొదట్లోనే ఉండాలి. దించగానే వెల్లకిలా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.