కొత్తగా వచ్చినవారికి తోడు – నాలుగవ పాఠం: దుబాసీ ద్వారా మాట్లాడడం

కొత్తగా వచ్చిన శరణార్థి కుటుంబాలకు తోడు వెళ్లేవారి కోసం చెబుతున్న ఈ పాఠాలలో మూడవదాని చివర ఒక అభ్యాసం ఇచ్చాను. శరణార్థి, ఆశ్రయం కోరుతున్న వ్యక్తి, సొంత దేశంలోనే ఇల్లు విడిచిపోవలసి వచ్చిన నిర్వాసితుడు, ఈ ముగ్గురికీ గల భేదాన్ని సొంత మాటల్లో రాయమన్నాను. ముందు దాని సమాధానం చూసుకుందాం. జాతి, మతం, జాతీయత, ఒకానొక సామాజిక వర్గానికి చెంది ఉండడం, రాజకీయాభిప్రాయం, ఈ అయిదింటిలో ఏదో ఒక కారణంగా తనను హింసిస్తారన్న సహేతుకమైన భయంతో స్వదేశం వెలుపల ఉండి, ఆ దేశపు రక్షణ పొందలేని లేదా ఆ భయం చేత పొందడానికి ఇష్టపడని వ్యక్తిని శరణార్థుల గురించి దేశాలు చేసుకున్న 1951 నాటి ఒడంబడిక శరణార్థి అన్నది. ఆ ఒడంబడిక మొదట 1951 జనవరి 1కి ముందు జరిగిన సంఘటనలకే పరిమితమై ఉండగా, దానికి అనుబంధంగా వచ్చిన 1967 నాటి ప్రోటోకాల్ ఆ కాలపరిమితిని తొలగించింది. ఆశ్రయం కోరుతున్న వ్యక్తి దరఖాస్తు పెట్టుకుని నిర్ణయం కోసం ఎదురుచూస్తుంటాడు. నిర్వాసితుడు దేశ సరిహద్దు దాటి ఉండడు. చాలామంది తడబడేది ఒక్క చోటనే: ప్రభుత్వం గుర్తించడం వల్ల మనిషి శరణార్థి అవుతాడని రాస్తారు, కాని అతడు శరణార్థి కనుకనే ప్రభుత్వం గుర్తిస్తుంది. అయినా పని చేసుకునే హక్కు, వైద్యం, ఇంటి సాయం వంటివి సాధారణంగా ఆ గుర్తింపు కాగితంతో ముడిపడి ఉంటాయి కనుక, మీరు తోడు వెళ్లే కుటుంబం చేతిలో ఏ కాగితం ఉన్నదో తెలియకుండా వారికి ఏ సలహా ఇవ్వకూడదు.

ఈనాటి పాఠానికి ఒక సందర్భాన్ని ఊహించుకుందాం. మీకు అప్పగించిన కుటుంబం వచ్చి రెండు వారాలయింది. ఒక కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. ఫలానా రోజున, ఫలానా వేళకు, కాగితాలతో సహా హాజరు కావాలని అందులో ఉన్నది. వారికి ఇక్కడి భాష రాదు, మీకు వారి భాష రాదు, మధ్యన ఒకరి మాటను మరొకరి భాషలోకి మార్చి చెప్పే దుబాసీ ఉంటారు. ఈ ముగ్గురి మాట సాఫీగా సాగడానికి కావలసిన నేర్పు పుట్టుకతో రాదు, మంచి మనసు ఉన్నంత మాత్రాన కూడా రాదు. అలవాటు చేసుకోవాలి.

దుబాసీని కుదుర్చుకునే ముందు భాష ఏదో తేల్చుకోవాలి. ‘మీరు ఏ దేశం నుంచి వచ్చారు’ అన్న ప్రశ్నకు వచ్చే జవాబు ఇందుకు పనికిరాదు. అఫ్గానిస్తాన్ నుంచి వచ్చిన ఒకరు దరీ మాట్లాడితే మరొకరు పష్తో మాట్లాడతారు. మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా స్త్రీకి బర్మీస్ అసలే రాకపోవచ్చు. కుర్దిష్ అని ఒకే పేరుతో పిలుస్తున్నా, కుర్మాంజీని ఎక్కువగా లాటిన్ లిపిలోను సొరానీని అరబిక్ లిపిలోను రాస్తారు, ఒకటి వచ్చినవారికి రెండవది అర్థం కావడం కష్టమే. ఎరిత్రియా, ఇథియోపియాల నుంచి వచ్చినవారు మాట్లాడే తిగ్రిన్యా, అమ్హారిక్ ఒకే లిపిని వాడుకుంటున్నా వేర్వేరు భాషలు. కాబట్టి ‘ఏ భాషలో మాట్లాడితే మీకు సుఖంగా ఉంటుంది, ఏ భాషలో చదవగలరు’ అని రెండు ప్రశ్నలు విడివిడిగా అడగండి. ఈ రెండింటి జవాబూ ఒకటే కావాలని లేదు. ఏ భాషా చదవలేనని చెప్పడానికి సిగ్గుపడేవారు కూడా ఉంటారు.

భాష కుదిరినా మనిషి కుదరకపోవచ్చు. పారిపోయి వచ్చిన కలహంలో దుబాసీ కుటుంబం అవతలి పక్షానిదై ఉంటే, ఎదుటి మనిషి నోరు విప్పడు. అదే పేటలో ఉండే స్వదేశీయుడైతే, తన జబ్బు సంగతి రేపటికి నలుగురి నోళ్లలో నానుతుందేమోనన్న జంకు ఉంటుంది. అటువంటప్పుడు ఊరు, పేరు, ముఖం తెలియని దుబాసీ ఫోనులో పలకడమే మేలు. భర్త భార్యకు దుబాసీగా కూర్చుంటే ఆమె చెప్పదలచింది పూర్తిగా బయటికి రాదన్నది వేరుగా చెప్పనక్కరలేదు.

పిల్లల విషయం మాత్రం చెప్పి తీరాలి. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక తల్లిని వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాను. దుబాసీ రాలేదు. బడిలో కొత్త భాషను చకచకా పట్టుకుంటున్న ఆమె పన్నెండేళ్ల కూతురు వెంట ఉన్నది కదా అని, ఆ పిల్లను మధ్యన కూర్చోబెట్టాను. వైద్యుడు అడిగిన మూడవ ప్రశ్న గర్భస్రావాల గురించి. ఆ పిల్ల నా వైపు చూసింది, తల్లి వైపు చూసింది, తల్లిని ఏమీ అడగకుండానే ‘లేవు’ అన్నది. ఆ తల్లికి రెండు జరిగాయని వేరొక దుబాసీ ద్వారా తెలియడానికి నెలన్నర పట్టింది. తప్పు పిల్లది కాదు, అక్కడ కూర్చోబెట్టిన నాది. దుబాసీ లేకపోతే ఆ రోజుకు పని వాయిదా వేయించండి. ప్రాణం మీదికి వచ్చిన సందర్భం తప్ప మరే సందర్భానికీ మినహాయింపు లేదు.

ఇక మాట్లాడే పద్ధతి. కలవడానికి అయిదు నిమిషాల ముందు దుబాసీతో విడిగా మాట్లాడి, ఈ రోజు దేని కోసం వచ్చామో, ఏ కాగితాల పేర్లు వస్తాయో చెప్పండి. విన్నది విన్నట్టు చెప్పాలని, ఏదీ కలపకూడదు, తీసివేయకూడదని, గదిలోని మాట గదిలోనే ఉండాలని ముగ్గురూ ఉండగా మరొకసారి అనుకోండి. ద్విభాషి అన్న మాటే వాడుకలో దుబాసీ అయింది. కంపెనీ కాలంలో ఆ పేరు గలవారు మాటతో పాటు బేరం కూడా నడిపేవారు. మనకు కావలసినది మాట మాత్రమే. దుబాసీ జాలిపడి ‘అలా చెబితే మీ పని కాదు, ఇలా చెప్పండి’ అని తన భాషలో సలహా ఇస్తున్నట్టు మీకు అనిపిస్తే, ఆపి, ఇప్పుడు ఏమనుకున్నారో నాకూ చెప్పండని మర్యాదగా అడగవచ్చు.

కూర్చునేటప్పుడు మీ చూపు వచ్చినవారి మీద పడేలా కూర్చోండి, దుబాసీ పక్కగా ఉండాలి. మాట కూడా వారితోనే. ‘ఆయనకు తలనొప్పి ఎన్నాళ్లుగా ఉందో అడగండి’ అని దుబాసీతో అన్న క్షణాన, ఎదుట కూర్చున్న మనిషి వస్తువైపోతాడు. ‘మీకు తలనొప్పి ఎన్నాళ్లుగా ఉంది’ అని ఆయన ముఖం చూసి అడగండి. దుబాసీ కూడా ‘ఆయన అంటున్నారు’ అనకుండా, ‘నాకు మూడు నెలలుగా ఉంది’ అని ఆయన నోటితోనే చెప్పాలి. మొదట ఇబ్బందిగా ఉంటుంది. రెండవ రోజుకు దుబాసీ అక్కడ ఉన్నట్టే మరిచిపోతారు.

వాక్యం సంగతికి వస్తే, ఒక ఉదాహరణ తీసుకుని విప్పి చూద్దాం. అద్దె ఒప్పందం గురించి ఒక తోడు వెళ్లిన వ్యక్తి ఇలా అన్నారనుకోండి: ‘చూడండి, ఇదంతా మీ మంచికే, నాన్చితే వ్యవహారం చేయి దాటిపోతుంది, ఇంటాయన ఇప్పటికే గుర్రుగా ఉన్నాడు, కాబట్టి ఆ సంతకమేదో చేసేస్తే ఓ పనైపోతుంది కదా, ఏమంటారు?’ ఇందులో నాలుగు నుడికారాలు ఉన్నాయి, ఒక ఒత్తిడి ఉన్నది, తేదీ లేదు. చేయి ఎక్కడికి దాటుతుందో, గుర్రు ఎవరిదో దుబాసీ ఊహించుకోవాలి; ఊహించుకున్నది బెదిరింపుగా చేరవచ్చు. అదే సంగతి ఇలా చెప్పవచ్చు: ‘ఇది అద్దె ఒప్పందం.’ ఆగండి. ‘సంతకం చేస్తే ఏడాది పాటు ఈ ఇంట్లో ఉండవచ్చు, నెలనెలా అద్దె కట్టాలి.’ ఆగండి. ‘శుక్రవారం లోపు సంతకం చేయాలి, లేకపోతే ఇల్లు వేరొకరికి ఇస్తారు.’ ఆగండి. ‘సంతకం చేయాలా వద్దా అన్నది మీ ఇష్టం. అడగవలసినది ఏమైనా ఉన్నదా?’ ఒక్కొక్క విడతకు ఒకటి రెండు వాక్యాలు, ఒక్కొక్క వాక్యానికి ఒక్క సంగతి. మామూలుగా పట్టే సమయానికి రెట్టింపు పడుతుంది, ఆ లెక్కతోనే బయలుదేరాలి.

అర్థమైందా అని అడగకండి. అయిందనే అంటారు. కథ వినేవాడు ఊ కొట్టినట్టు, తల ఊపడం వింటున్నానని చెప్పడమే తప్ప ఒప్పుకున్నానని చెప్పడం కాదు. అధికారి ఎదుట కాదనడం ప్రమాదమని అనుభవం నేర్పిన చోటు నుంచి వచ్చినవారి ‘సరే’కు ఇంకొక అర్థం కూడా ఉండవచ్చు. అందుకు బదులు, ‘నేను సరిగా చెప్పానో లేదో చూసుకోవాలి, ఇంటికి వెళ్లాక ఈ ఉత్తరం గురించి మీవాళ్లకు ఏమని చెబుతారు’ అని అడగండి. పరీక్ష పెడుతున్నది మీ మాటకే తప్ప వారి తెలివికి కాదని ఆ ప్రశ్నలోనే తెలియాలి. మందుల మోతాదు విషయంలో ఇది ఒక్కసారి కాదు, ప్రతిసారీ అడగాలి.

కాగితాలలోని పేర్లు, తేదీలు ఈ పాఠంలో అన్నిటికంటె చిక్కైన భాగం. ఇంటిపేరు అనేదే లేని సమాజాలు ఉన్నాయి. బర్మీయులకు ఇంటిపేరు ఉండదు. సోమాలీలు తన పేరు, తండ్రి పేరు, తాత పేరు వరుసగా చెబుతారు, కాబట్టి భార్యాభర్తల పేర్లలో ఒక్క మాటా కలవకపోవచ్చు. దరఖాస్తులోని గడులు మాత్రం అందరినీ ఒకే మూసలో పోస్తాయి. ఒకే పేరును లాటిన్ లిపిలో రెండు కార్యాలయాలు రెండు విధాలుగా రాస్తే, కంప్యూటరుకు వారు ఇద్దరు మనుషులు. అందుచేత మొదటి గుర్తింపు పత్రంలో అక్షరం అక్షరం ఎలా ఉన్నదో అలాగే ప్రతి చోటా రాయించండి, అది తప్పుగా కనిపించినా సరే.

తేదీలు ఇంకా జటిలం. పుట్టిన తేదీ తెలియని చోట జనవరి 1 అని రాసుకోవడం పరిపాటి. ఒకే కుటుంబంలో అయిదుగురు అదే రోజున పుట్టినట్టు కనిపిస్తే అనుమానపడనక్కరలేదు. అఫ్గానుల పాత పత్రాలలో సౌరమాన హిజ్రీ సంవత్సరం ఉంటుంది. అది మార్చి 21 ప్రాంతంలో మొదలవుతుంది కనుక 1370 అన్నది 1991 మార్చిలో మొదలై 1992 మార్చిలో ముగుస్తుంది. ఎవరో గుమాస్తా 621 కలిపి 1991 అని రాసేశాడనుకోండి, ఆ 1370వ ఏడాది పదకొండవ నెలలో పుట్టిన మనిషి నిజానికి 1992లో పుట్టినట్టు. ఇథియోపియా పంచాంగానికి పదమూడు నెలలు. అది ఇంగ్లీషు క్యాలెండరు కంటె ఏడెనిమిదేళ్లు వెనుకగా నడుస్తుంది. ఇటువంటి పొరపాటు మీ కంట పడితే కౌంటరు దగ్గర అక్కడికక్కడే దిద్దించబోకండి. ఆశ్రయం దరఖాస్తులో ఒక తేదీ, వైద్యం కార్డులో వేరొక తేదీ ఉంటే, ఆ తేడాను చూపి మనిషి మాటనే నమ్మకపోయే ప్రమాదం ఉన్నది. ఏ కాగితంలో ఏ తేదీ ఉన్నదో ఒక చోట రాసిపెట్టి, వారి అనుమతితో, వారి న్యాయవాదికి అందజేయండి. అంతవరకే మన పని.

వారు ఎందుకు పారిపోయి వచ్చారో మీరు అడగకూడదు. అధికారులు అడిగారు, వైద్యులు అడుగుతారు. మళ్లీ తోడు వచ్చినవారు కూడా అడిగితే చెప్పకపోవడానికి వారికి దారి ఉండదు. వారంతట వారు చెబితే వినండి, వివరాల కోసం తవ్వకండి, వేరొకరికి చెప్పకండి. ఆపదలో ఉన్నవారికి మానసికంగా తొలి సాయం ఎలా అందించాలో చెప్పే మార్గదర్శిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వెలువరించింది. గమనించడం, వినడం, తగిన సేవలతో కలపడం అన్న మూడే మాటలు అందులో మూలసూత్రాలు. జరిగింది చెప్పమని బలవంతపెట్టవద్దని అందులో స్పష్టంగానే ఉన్నది. వారి ఫోటోలు తీసి బయట పెట్టడం కూడా అంతే, చేయకూడదు. వెనుక మిగిలిన బంధువులను ఆ ఫోటో పట్టివ్వవచ్చు.

చివరిగా, ఆ కుటుంబంలోని తల్లికి తోడుగా వెళ్లారనుకుని, కౌంటరు దగ్గర ఏమవుతుందో చూద్దాం. ఉద్యోగి వరుసగా మూడు ప్రశ్నలు మిమ్మల్నే అడుగుతారు, ఎందుకంటే మీకు భాష వచ్చు, వెనుక వరుస పెరుగుతున్నది. జవాబులు మీకు తెలుసు. చెప్పాలని నాలుక కొసకు వస్తుంది. అప్పుడు అర అడుగు వెనక్కి జరిగి, ‘ఆమెనే అడగండి, దుబాసీ ఉన్నారు’ అనండి. దరఖాస్తు పూరించేటప్పుడు కలం కూడా మీ చేతిలో ఉండకూడదు. ఆమె తన పేరు ఒక్కొక్క అక్షరమే చూసి రాస్తుంది, వంకరగా వస్తుంది, గడి దాటుతుంది. ఉద్యోగి కొత్త ఫారం ఇస్తారు. ఆ రెండవ ఫారం తీసుకోవడానికి మీరు చేయి చాచకండి, ఆమె తీసుకుంటుంది.

అభ్యాసం: మీకు ఈ మధ్య వచ్చిన ఏదైనా అధికారిక ఉత్తరం తీసుకుని, దాన్ని ఆరు చిన్న వాక్యాలలో తిరగరాయండి. ఎవరు పంపారు, ఏమి కోరుతున్నారు, ఎప్పటిలోగా, చేయకపోతే ఏమవుతుంది, ఏ కాగితాలు కావాలి, ఎవరిని అడగవచ్చు. ఒక్క నుడికారం కూడా రాకూడదు. తరువాత దాన్ని ఆ ఉత్తరం చూడని ఒకరికి చదివి వినిపించి, మళ్లీ వారి మాటల్లో చెప్పించుకుని, ఎక్కడ తేడా వచ్చిందో గుర్తు పెట్టుకోండి. అయిదవ పాఠంలో పిల్లలను బడిలో చేర్పించడం, వయసుకూ తరగతికీ పొంతన కుదరనప్పుడు బడివారితో మాట్లాడడం గురించి నేర్చుకుందాం.