రింగ్ స్లింగ్ జారకుండా ఇలా కుదిరింది

రింగ్ స్లింగ్ అంటే ఒక భుజం మీంచి వేసుకుని, రెండు రింగుల్లోంచి దూర్చి బిగించే, పాపను మోసే పొడవాటి గుడ్డ. అందులో పాపను వేసుకుని కాసేపు నడిస్తే చాలు, గుడ్డ వదులై పాప నా నడుము దాకా దిగిపోయేది. వేలాడే కొసను ఎంత లాగినా అంగుళం కూడా కదిలేది కాదు. ఇద్దరు పిల్లలను స్లింగ్‌లోనే మోసి పెంచిన ఒకావిడ చూసి, "ముందు రింగుల్లో గుడ్డ ఎలా ఉందో చూడండి" అన్నారు.

పై అంచు కింది అంచు మీదికెక్కి, గుడ్డంతా నలిగి రింగుల మధ్య ఇరుక్కుని ఉంది! మొత్తం తీసి, చీర కుచ్చెళ్లు సర్దినట్టు రింగు వెడల్పునా పరిచి మళ్లీ ఎక్కించాను. కొసను గంపగుత్తగా గుంజడం మానేశాను. ఒక చేత్తో పాప బరువు కాస్త ఎత్తిపట్టి పై అంచు, మధ్య భాగం, కింది అంచు విడివిడిగా లాగాలి. అసలు కిటుకు ఇదే. రింగులను మొదట భుజం దగ్గర ఎత్తుగా పెట్టుకోవాలి, బిగిస్తుంటే అవే కిందికి వస్తాయి.

ఇప్పుడు తల వంచితే పాప నుదుటిని ముద్దు పెట్టుకోవచ్చు. మోకాళ్లు పిరుదుల కంటే పైన ఉంటున్నాయి. ముక్కు, నోరు ఎప్పుడూ కనబడాలి, గడ్డం ఛాతీకి ఆనకూడదు. ఈ రెండింటిలో మాత్రం రాజీ లేదు. భుజం నొప్పి కూడా చాలావరకు పోయింది, గుడ్డను మెడ దగ్గర పోగుపడనివ్వకుండా భుజం చివరిదాకా పరుస్తున్నాను కాబట్టి.