డీఎన్‌ఎస్ జోన్‌లో సీరియల్ నంబరు తప్పు పడితే ఎలా సరిచేయాలి?

డీఎన్‌ఎస్ అంటే సైటు పేరు అడిగితే దాని ఐపీ చెప్పే వ్యవస్థ. ఒక డొమైన్ వివరాలన్నీ ఉండేది దాని జోన్ ఫైల్. అందులో ఐపీ మారుస్తారు, సేవ్ చేస్తారు, రీలోడ్ ఇస్తారు. సీరియల్ (జోన్ ఎన్నో కూర్పో చెప్పే అంకె) మాత్రం పెంచరు. గంటలో ఫోను: "సార్, కొందరికి కొత్త సైటు వస్తోంది, కొందరికి పాతదే వస్తోంది." భీమవరం చుట్టుపక్కల రొయ్యల ఎగుమతిదారులకు, రైస్ మిల్లులకు సర్వర్లు చూస్తుంటాను కాబట్టి ఈ ఫోను నాకు కొత్త కాదు.

కావలసినవి: బైండ్ (డీఎన్‌ఎస్ సాఫ్ట్‌వేర్) నడిచే ప్రైమరీ సర్వరు, సెకండరీల జాబితా (ప్రైమరీలో సీరియల్ పెరిగితేనే జోన్ నకలు తెచ్చుకునే సర్వర్లు ఇవి), డిగ్ కమాండు (డీఎన్‌ఎస్ సర్వరును ప్రశ్న అడిగేది), కాగితం, పెన్ను.

జోన్ ఫైల్ తెరిస్తే మొదట్లోనే ఎస్‌ఓఏ రికార్డు (జోన్ గురించిన వివరాల వరస) ఉంటుంది. ప్రైమరీ పేరు, బాధ్యుడి ఈమెయిలు (యాట్ గుర్తు బదులు చుక్క), ఆ తర్వాత వరసగా సీరియల్, రిఫ్రెష్, రిట్రై, ఎక్స్‌పైర్, మినిమమ్. రిఫ్రెష్‌కు (సెకండరీ ప్రైమరీని ఎంతకోసారి అడగాలో) 86400, రిట్రైకి (జవాబు రాకపోతే మళ్ళీ ఎంతసేపటికి అడగాలో) 7200, ఎక్స్‌పైర్‌కు (ప్రైమరీ అందకపోతే పాత నకలు ఎంతకాలం వాడాలో) 3600000 సెకన్లు పెట్టండి. మినిమమ్ 3600 దాటనివ్వకండి. "ఆ పేరు లేదు" అన్న జవాబును రిజాల్వర్లు (వాడేవాళ్ళ తరఫున డీఎన్‌ఎస్‌ను అడిగే సర్వర్లు) ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పేది అదే.

సీరియల్ తేదీతోనే రాయాలి: సంవత్సరం, నెల, రోజు, చివర రెండంకెల వరస. 2025 జూన్ 15న మొదటి మార్పు అయితే 2025061501. కొందరు యూనిక్స్ టైమ్ (1970 నుంచి గడిచిన సెకన్ల లెక్క) వాడతారు. ఆ పదంకెలు చూసి జోన్ ఎప్పుడు మారిందో ఎవరు చెప్పగలరు? తేదీ అయితే అర్ధరాత్రి నిద్రమత్తులో కూడా తెలిసిపోతుంది. 1996లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1912 (డీఎన్‌ఎస్‌లో జరిగే పొరపాట్ల మీద వచ్చిన పత్రం) సూచించిందీ ఈ పద్ధతే. మార్చాక నేమ్డ్-చెక్‌జోన్ (జోన్ ఫైల్‌లో తప్పులు చూసే కమాండు) నడిపి, రీలోడ్ ఇవ్వండి.

ఇక అసలు చిక్కు. తొందరలో 2025 బదులు 2052 అని కొట్టారు, రీలోడ్ కూడా ఇచ్చేశారు. సెకండరీల దగ్గర ఇప్పుడు 2052061501 ఉంది. మీరు 2025061502 అని దిద్దితే అవి కదలవు. తమ దగ్గరున్నదే కొత్తదనుకుని పాత జవాబులే ఇస్తూ కూర్చుంటాయి. సెకండరీ మీ చేతిలోనే ఉంటే అక్కడ ఆర్‌ఎన్‌డీసీ రీట్రాన్స్‌ఫర్ (సీరియల్ చూడకుండా జోన్ మళ్ళీ తెచ్చుకోమనే బైండ్ కమాండు) ఇస్తే సరిపోతుంది. వేరేవాళ్ళదైతే అంకెను చుట్టు తిప్పి తీసుకురావాలి.

సీరియల్ 32 బిట్ల అంకె, 4294967295 దాటగానే మళ్ళీ సున్నా నుంచి మొదలు. ఈ చుట్టులో తన అంకెకు సగం చుట్టులోపు ముందున్నదాన్నే సెకండరీ కొత్తదిగా తీసుకుంటుంది, అందుకే ఒక్కసారికి పెంచగలిగింది గరిష్ఠంగా 2147483647. తప్పు సీరియల్‌కు దాన్ని కాగితం మీద కూడండి: 2052061501 + 2147483647 = 4199545148. మొత్తం 4294967295 దాటితే 4294967296 తీసేయాలి. ఇక్కడ దాటలేదు. ఈ అంకె పెట్టి రీలోడ్ ఇవ్వండి.

ఇక్కడ ఆగాలి. చాలామంది పాడుచేసేది ఇక్కడే. ధవళేశ్వరంలో నీళ్ళు వదిలిన రోజే శివారు చేలు తడవవు. అన్ని సెకండరీలకూ ఆ అంకె చేరేదాకా రెండో మార్పు చేయకూడదు. నోటిఫై (జోన్ మారిందని ప్రైమరీ సెకండరీలకు పంపే కబురు) వెళ్తే నిమిషాల్లో చేరుతుంది, ఆ ప్యాకెట్ దారిలో పోతే రిఫ్రెష్ దాకా, అంటే ఒక రోజు పట్టవచ్చు. డిగ్‌తో ఒక్కో సెకండరీ ఐపీనే పేరుపేరునా ఎస్‌ఓఏ అడగండి. మీ ఇంటి రౌటర్ చెప్పిన జవాబు నమ్మకండి, అది దాచిపెట్టుకున్నది కావచ్చు.

ఒకసారి మూడు సెకండరీల్లో రెండు చూసి మూడోది వదిలేశాను. రెండింటిలో 4199545148, చూడని దాంట్లో ఇంకా 2052061501. నేను తేదీ సీరియల్ పెట్టేశాను. ఆ మూడోది పాత మెయిల్ సర్వరునే చూపిస్తూ ఉండిపోయింది. ఎగుమతి కాగితాలు రెండు రోజులు అటే వెళ్ళాయి. అప్పటి నుంచి సెకండరీల ఐపీలు కాగితం మీద వరసగా రాసుకుని, ఒక్కోదాని పక్కన వచ్చిన సీరియల్ మొత్తం పది అంకెలూ రాసుకుంటాను. టిక్కు పెట్టి ఊరుకోను.

అన్నింటిలో 4199545148 కనబడ్డాక 2025061502 పెట్టి రీలోడ్ ఇవ్వండి. చుట్టు తిరిగిన లెక్కలో ఇది దానికంటే పెద్దదే అవుతుంది, సెకండరీలు తీసుకుంటాయి. మళ్ళీ అదే కాగితంతో, మొదటి ఐపీ నుంచి అడగండి.