చచ్చిన పక్షిని ఉన్నచోటే ఉంచండి

నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప 2025 మార్చిలో మంగళగిరి ఎయిమ్స్‌లో బర్డ్ ఫ్లూతో మరణించిన నాటి నుంచి గుంటూరు, విజయవాడ జనం కోడి మాంసం దుకాణాలనే అనుమానంగా చూస్తున్నారు గాని, చలికాలంలో ఉప్పలపాడు చెరువులోనూ కొల్లేరులోనూ గుమిగూడే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగల సంగతి ఎవరికీ పట్టడం లేదు. మాంసం బాగా ఉడికించి తినాలని అందరికీ తెలుసు కాబట్టి ఆ మాట వదిలేస్తున్నాను.

కొంప ముంచే పొరపాటు ఒక్కటే: చచ్చిపడిన పక్షిని జాలితోనో చీదరతోనో అక్కడి నుంచి తీసివేయడం. కిందటేడు ఒక కాలువ గట్టున ఒక కుర్రవాడు చనిపోయిన కొంగను కాళ్లు పట్టి ఎత్తి యూరియా సంచిలో వేస్తుండగా, దాని ముక్కు నుంచి కారిన జిగురు అతని మోచేతికి అంటింది. అతడు లుంగీకి తుడుచుకుని సంచిని కాలువలోకి విసిరాడు. ఆ కొంగ ఏ జబ్బుతో పోయిందో ఇక ఎవరూ తేల్చలేరు.

అడవి పక్షి అటవీ శాఖ పరిధిలోనిది. నమూనాలు తీయడం పశుసంవర్ధక శాఖ వైద్యుల పని. రోగాన్ని నిర్ధారించేది భోపాల్‌లోని జాతీయ స్థాయి ప్రయోగశాల. మనిషికి జ్వరం వస్తే బాధ్యత వైద్య ఆరోగ్య శాఖది, ఆ నమూనా పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థకు వెళుతుంది. ఫారం కోళ్లలో రోగం ఖాయమైతే కిలోమీటరు లోపలి కోళ్లను చంపి, పది కిలోమీటర్ల వరకు నిఘా పెడతారు. అడవి పక్షులను మాత్రం చంపరు, ఎందుకంటే బెదిరిన గుంపు చెదిరిపోయి రోగాన్ని మరో చెరువుకు మోసుకుపోతుంది.

అటవీ సిబ్బందికీ పశువైద్యునికీ ఇద్దరికీ ఫోను చేయండి. ఒకరికే చెప్పి ఊరుకుంటే, అది తమ పని కాదని వారనుకునేలోగా కళేబరం ఎండకు కుళ్లిపోతుంది, కుళ్లినది పరీక్షకు పనికిరాదు.

పక్షిని కదపవద్దు. పూడ్చవద్దు. కాలువలో వేయవద్దు. ఈకలు ఏరవద్దు. ఆ చెరువు నీరు పెరటి కోళ్లకు పెట్టవద్దు. కుక్కను, పిల్లిని దరిదాపులకు రానీయవద్దు. నాగపూర్‌లోని గోరేవాడ వన్యప్రాణి సంరక్షణ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత ఈ వైరస్‌తోనే చనిపోయాయి. పిల్లలను దూరంగా ఉంచండి. మళ్లీ చెబుతున్నాను, కదపవద్దు. పొరపాటున ముట్టుకున్నవారు వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పది రోజుల్లోగా జ్వరం, ఆయాసం, కళ్ల ఎరుపు కనిపిస్తే డాక్టరుకు అన్నింటికన్నా ముందు పక్షి సంగతే చెప్పాలి.